నొప్పి లేని తలనొప్పి

‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్న ఒక్క మాటతో మనం ఎన్ని బాధలు చెప్పుకుంటామో! ఉపవాసం రోజున చటుక్కున లేస్తే చీకట్లు కమ్మినా అదే మాట, ఇల్లంతా గిర్రున తిరిగినా అదే, నడుస్తూ పక్కకి తూలినా అదే. డాక్టరు దగ్గర చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. బీపీ చూస్తారు. మెడ ఎక్స్‌రేలో ఎముకల అరుగుదల నడివయసు దాటిన చాలామందికి ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి, నేరం స్పాండిలోసిస్ మీదికి పోతుంది. మెదడు స్కానింగ్ శుభ్రంగా ఉంటుంది. ‘ఏమీ లేదు’ అనిపించుకుని ఇంటికొచ్చిన మనిషి కాళ్లకింద నెల తిరక్కుండానే మళ్లీ నేల కదులుతుంది.

ఇలాంటివాళ్లలో కొందరిది మైగ్రేన్. పార్శ్వపు నొప్పి అనగానే సగం తల పగిలిపోవడమే గుర్తొస్తుంది గానీ, మైగ్రేన్ ఉన్న మెదడు వెలుతురునీ, చప్పుడునీ, అగరొత్తుల వాసననీ కూడా తట్టుకోలేదు. లోపలి చెవి పంపే కదలిక కబుర్లతోనూ అదే పేచీ వస్తే తల తిరుగుతుంది. దాన్నే వెస్టిబ్యులర్ మైగ్రేన్ అంటారు. నూటికి ఒకరికి ఉంటుందని అంచనా, ఆడవాళ్లలో ఎక్కువ.

దీన్ని గుర్తుపట్టే లెక్కను 2012లో బరానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పి సొసైటీ కలిసి రాశాయి. (ఆ బరానీ చెవిలో చల్లటి, వేడి నీళ్లు పోసి తలతిరుగుడు గుట్టు పట్టిన వియన్నా వైద్యుడు. 1914 నోబెల్ వచ్చేసరికి రష్యాలో యుద్ధఖైదీ.) ఆ లెక్క ప్రకారం కనీసం 5 సార్లు తల తిరగాలి, ఒక్కోసారి 5 నిమిషాల నుంచి 72 గంటల దాకా. మైగ్రేన్ ఇప్పుడో ఒకప్పుడో ఉండాలి. కనీసం సగం సార్లయినా తలనొప్పో, వెలుతురూ చప్పుడూ పడకపోవడమో, కళ్లముందు మెరుపులో తోడవ్వాలి. అంటే నొప్పి ప్రతిసారీ రానక్కర్లేదు. కొందరికి వయసులో వేధించిన నొప్పి తగ్గి, నలభైల్లో తిరుగుడుగా మారి వస్తుంది.

పక్క మీద పొర్లినప్పుడు మాత్రమే తిరిగి, నిమిషంలోపే ఆగితే చెవిలోని స్ఫటికాలు జారి ఉండొచ్చు. దానికి తలను ఒక వరసలో తిప్పితే చాలు. చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే మెనియర్స్ జబ్బేమో చూడాలి. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టుతప్పినా, నిలబడలేకపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే తిరుగుడు మాత్రలు ఒకటి రెండు రోజులకే. నెలల తరబడి మింగితే మెదడు తనంతట తాను సర్దుకోవడం ఆలస్యమవుతుంది. తరచూ వచ్చేవాళ్లకు ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరు చూసి ఇస్తారు. వేళకు నిద్ర, వేళకు తిండి కూడా వైద్యంలో భాగమే. కటిక ఉపవాసాలు చేసేవాళ్లకు ఈ మాట రుచించదు.

వంటింటి క్యాలెండరులో పాల లెక్క పక్కనే రాసిపెట్టుకోండి: ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపుంది, రాత్రి నిద్రపట్టిందా, నెలసరి దగ్గర్లో ఉందా. ‘చిన్నప్పటి నుంచీ బస్సు పడదు’, ‘మా అమ్మకీ తలనొప్పి ఉండేది’ అన్నవీ చేర్చండి. స్కానింగ్ ఫిల్ము కంటే ముందు ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టండి.