పెర్సెపొలిస్: బొమ్మలలో ఒక ఇరాను ఇల్లు

టోలిచౌకి కూడలిలో నిలిచి చూస్తే ఒక దారి కుతుబ్ షాహీల సమాధులవైపు, మరొక దారి సినిమావారి ఫిలింనగరు వైపు సాగిపోతుంది. ఆ మొదటి దారిలోని గుమ్మటముల క్రింద నిద్రించే రాజుల వంశమూలము ఇరానుదేశపు హమదాను. భాగ్యనగర నిర్మాణముతో పేరు ముడివడిన మీర్ మోమిన్ అస్త్రాబాదునుండి వచ్చినవాడు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అంకితమిచ్చిన మల్కిభరాముడు ఆ వంశపు ఇబ్రహీమే. మనము నిత్యము పలికే రోజు, బజారు, దరఖాస్తు, బందోబస్తు, గులాబి పారసీకము మనకిచ్చిన మాటలే.

ఇన్నియు తరగతిలో పాఠముగా చెప్పే తెలుగు పంతులునైన నేను, సుమారు పదిహేనేండ్ల క్రిందట, మా పై వాటా అద్దెకు అడగవచ్చిన ఒక ఇరాను విద్యార్థితో, ఇల్లు నిన్ననే కుదిరిపోయినదని బొంకినాను. అతనిలో నాకు కనిపించిన దోష మేమియు లేదు. వార్తాపత్రికలలో ఆ దేశము పేరు ప్రక్కన ఏ మాటలు అచ్చవుతాయో ఆ మాటలన్నీ ఒక్కసారిగా నా చెవిలో మ్రోగినవి, అంతే. శ్రమ ఇచ్చినందుకు మన్నించమని చెప్పి అతడు మెట్లు దిగి వెళ్లిపోయినాడు.

తరువాత చాలా కాలమునకు మా విద్యార్థిని ఒకతె నాచేత ఒక పుస్తకము చదివించినది. మర్జాన్ సత్రాపి తన కథను తానే వ్రాసి, తానే బొమ్మలు గీసిన 'పెర్సెపొలిస్' అది. 2000 నుండి 2003 వరకు ఫ్రెంచి భాషలో నాలుగు సంపుటములుగా వెలువడినది. ఇంగ్లీషు అనువాదము 2003లో రావడం మొదలైనది. బొమ్మల పుస్తకమనగానే పిల్లలదని ప్రక్కన పెట్టే అలవాటు మన పండితులకు ఉన్నది. నాకూ ఉండేది.

పెర్సెపొలిస్ అన్నది ప్రాచీన ఇరాను రాజధానికి గ్రీకులు పెట్టిన పేరు. ఇరానీయులు దానిని తఖ్తె జంషీద్ అంటారు. క్రీస్తుకు పూర్వము 330లో అలెగ్జాండరు సేన తగులబెట్టిన నగరమది. పడమటివారికి తెలిసిన పేరుతోనే వారిని పలుకరించి, వారికి తెలియని ఇంటిలోనికి తీసుకొనిపోతున్నది రచయిత్రి.

తెలియకపోవడానికి కారణము లేకపోలేదు. 1979లో విప్లవము వచ్చినది. ఆ సంవత్సరమే టెహరానులోని అమెరికా రాయబార కార్యాలయములో బందీలను పట్టుకొని 444 దినములు నిర్బంధించినారు. అది మొదలు పాశ్చాత్యుల కన్నులకు ఇరాను అంటే పిడికిలి బిగించి అరచే గుంపు, నల్లని ముసుగులోని స్త్రీ. కొందరి దుండగములనుబట్టి ఒక జాతినంతటిని తూచరాదని సత్రాపి తన ముందుమాటలోనే చెప్పుకొన్నది. కాని ముందుమాటలకు ఎవరి మనస్సు మారుతుంది? మార్చేది ఆ ఇల్లు.

1980లో పదేండ్ల పిల్లలకు బడిలో ముసుగులు పంచుతారు. ఎందుకో తెలియని ఆ పిల్లలు వానితో ఆటలాడుకొంటారు. తల్లిదండ్రులు తుర్కీనుండి కోటు లోపలి గుడ్డలో దాచి, ఆమెకు ఇష్టమైన పాటగాండ్ర చిత్రపటములు తెచ్చియిస్తారు. పేదపిల్లలకు బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ తాళపుచెవులు స్వర్గమునకని చెప్పి ఇచ్చి యుద్ధమునకు పంపుతారు. పొరుగింటి యూదుల అమ్మాయి క్షిపణికి బలి అవుతుంది. శిథిలములలో ఆమె కంకణము కనిపిస్తుంది. ఇదంతయు నలుపు తెలుపులలోనే. నడుమ బూడిదరంగు లేదు.

ఆ నాయనమ్మో, అమ్మమ్మో, ఏ వరుస అయినను సరే, ఆ ముసలమ్మ ప్రతి ఉదయము మల్లెపూలు ఏరి రవికెలో దాచుకొంటుంది. మల్లెలు ఎరిగిన మనకు ఆమె పరాయిది ఎట్లు అవుతుంది?

పుస్తకములోని బలము పొగడ్తలో లేదు. తన వారిని దేవతలుగా చూపి ఉంటే ఏ పాశ్చాత్యుడు నమ్మును? పెదవులకు రంగు పూసికొన్న తాను పట్టుబడుతుందేమోనని భయపడి, దారినపోయే ఒక అమాయకుని మీద నింద వేసి రక్షకభటులకు పట్టించిన సంగతి సత్రాపి దాచలేదు. ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పినప్పుడు ఆ ముసలమ్మ మండిపడుతుంది. తన తండ్రి పనిపిల్లకు, పొరుగింటి అబ్బాయికి నడుమ అంతరము గుర్తుచేసి వారి ప్రేమను తుంచివేసిన వైనమునూ గీసినది. ధనికుల, విద్యావంతుల ఇల్లు ఇరాను అంతయు కాదని ఆక్షేపించేవారు ఈ ఘట్టమును మరల చూడవలెను.

పదునాలుగేండ్లకు ఆమెను వియన్నాకు పంపినారు. అక్కడి సన్యాసినుల వసతిగృహములో టీవీ ముందు గిన్నెతో తింటూ ఉండగా, ఇరానీయులకు సంస్కారము లేదన్న మాట నిజమేనని ఒక సన్యాసిని దెప్పుతుంది. పిల్ల ఊరకుండదు, తిరిగి అన్న మాటకు వసతి పోతుంది. అంతకంటె బాధ కలిగించేది మరొక ఘట్టము. ఒక విందులో ఎవరో ఏ దేశమని అడిగితే, ఫ్రాన్సు అని చెబుతుంది. కొన్ని దినములకు కొందరు పిల్లలు ఆ అబద్ధమును చెప్పుకొని నవ్వుతుంటే విని, తాను ఇరానీయురాలనని కేక వేస్తుంది. ఆత్మగౌరవము విడువవద్దని సాగనంపేటప్పుడు చెప్పిన ముసలమ్మ మాట అప్పుడు గుర్తుకు వస్తుంది.

2007లో ఈ కథ చలనచిత్రమై కాన్ ఉత్సవములో జ్యూరీ బహుమానము పొందినది. చూచినాను, బాగున్నది. కాని పుస్తకములో ఒక బొమ్మ దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చును. నేను ఆ విందు బొమ్మ దగ్గర ఆగిపోయినాను. తన దేశము పేరు చెప్పడానికి ఒక పిల్ల బొంకవలసి వచ్చినది. ఆ పేరు దాచక చెప్పిన యువకుని గడపలో నిలిపి బొంకినవాడను నేను.

మా పై వాటా అటుతరువాత రెండు నెలలు ఖాళీగానే ఉన్నది.