ఈమెయిలు సమకాలీకరణ

ఈమెయిలు సమకాలీకరణ అనగా సర్వరులోని ఉత్తరాలను వాడుకరి కంప్యూటరు, మొబైలు మొదలగు పరికరాలన్నింటిలో ఒకే స్థితిలో ఉంచు ప్రక్రియ. 1986లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్ ఇందుకు ప్రధాన ఆధారం. పాప్3 పద్ధతి ఉత్తరాలను ఒక పరికరంలోకి దించుతుంది. పరికరాల మధ్య పొంతన కుదర్చదు.

అనుకూలత

ఐమ్యాప్4లో ఫోల్డరు పేర్లు సాధారణంగా సవరించిన యూటీఎఫ్-7 సంకేతంలో ఉంటాయి. దానిని గుర్తించని సాఫ్టువేరులో తెలుగు పేర్లు అర్థంకాని ఆంగ్లాక్షరాలుగా కనిపిస్తాయి. 2022లో గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కేవలం ఖాతా సంకేతపదంతో ప్రవేశించు విధానాన్ని చాలావరకు నిలిపివేయగా, ఓఆథ్ ఎరుగని పాత సాఫ్టువేర్లు పలుచోట్ల పనికిరాకుండా పోయాయి.

సమస్యల పరిష్కారం

అనుసంధానం కుదరనప్పుడు పోర్టు సంఖ్యను (సురక్షిత ఐమ్యాప్‌కు 993, పాప్3కు 995) సరిచూడాలి. ఐమ్యాప్‌లో ఒకచోట శాశ్వతంగా తొలగించిన ఉత్తరం అన్నిచోట్లా తొలగిపోతుంది. కావున ముఖ్యమైన ఉత్తరాల నకలును వేరుగా భద్రపరచుకోవాలి.