కొత్తనీటికి ఎదురెక్కే చేప

మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైనా మా ఊళ్ళో చినుకు రాలని ఏడాది కూడా వాగుకు మాత్రం కబురు అందేది. పైన కొండల వైపు ఎక్కడో గట్టి వాన పడితే తెల్లారేసరికి వాగు రంగు మారేది. అప్పటిదాకా ఇసుకలో అక్కడక్కడ మడుగులుగా నిలిచిన నీటిలోకి బెల్లప్పాకం రంగు నీళ్ళు నురగతో, పత్తికట్టెతో, ఎండు తుమ్మకాయలతో కలిసి దిగేవి. మా పెదనాన్న గట్టెక్కి చూసి ఒకే మాట అనేవాడు. "ఎదురెక్కుతన్నయ్ రా, ఊత పట్రా."

ఊత అంటే అడుగు లేని వెదురు బుట్ట. వెడల్పు వైపు నేలకు ఆనేలా నీళ్ళలో గుచ్చి, పైనున్న సన్నటి మూతిలోంచి చెయ్యి దూర్చి లోపల తడమాలి. పరిగెలైతే అరచేతిలో కితకితలు పెడతాయి. జెల్ల అయితే ముల్లు దించుతుంది. మాకు తెలిసిందల్లా, ఆ రెండు మూడు రోజులూ చేపలన్నీ నీరు వచ్చే వైపుకే మూతి పెట్టి పోతాయని. పారే నీటితో సుఖంగా కిందికి పోక ఎదురెందుకు ఈదుతాయో అడిగితే, "కొత్తనీరంటే వాటికి పెళ్ళి" అనేవాడు పెదనాన్న. జీవశాస్త్రం చదివిన తర్వాత అర్థమైంది, ఆయన చెప్పింది దాదాపు అక్షరాలా నిజమని.

చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా సన్నటి గీత ఒకటి ఉంటుంది. పొలుసు తోమేటప్పుడు జాగ్రత్తగా చూస్తే కనబడుతుంది. దాన్ని పార్శ్వ రేఖ అంటారు. ఆ గీత పొడవునా ఉన్న చిన్న చిన్న రంధ్రాల్లో నీటి కదలికను పసిగట్టే కణాలున్నాయి. నీరు ఎటు నుంచి ఎంత జోరుగా వస్తోందో చేపకు చీకట్లోనూ, బురదలోనూ తెలిసేది ప్రధానంగా దానితోనే. ప్రవాహానికి ఎదురు తిరగడం చాలా జాతులకు పుట్టుకతో వచ్చిన గుణం. అయితే తొలకరికి కనిపించే పరుగు అంతకన్నా పెద్దది. ఎండాకాలమంతా పెరిగిన పగటి పొద్దుకూ వేడికీ చేప కడుపులో జన సిద్ధమై ఉంటుంది. గుడ్లు వదలడానికి ఆఖరి సైగ ఒకటి కావాలి. నీరు ఒక్కసారిగా చల్లబడటం, మట్టం పెరగడం, అందులోని లవణాలు పలచబడటం, కొత్త మట్టి కలవడం, ఇవన్నీ కలిసే ఆ సైగ. అది అందగానే మెదడు కింద శనగగింజంత కూడా లేని పీయూష గ్రంథి హార్మోను వదులుతుంది. ఇక గంటల లెక్కే. గట్టు పొర్లి చేలల్లోకీ పల్లాల్లోకీ ఎక్కిన పలచటి నీటిలో పిల్లలకు తిండి దండి, పెద్ద చేపల బెడద తక్కువ. అందుకే పైకి ఎక్కడం.

వీటిలో పెద్ద దొర వాలుగ. మీసాల చేప, నోరు తెరిస్తే పారలా ఉంటుంది. ఈ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన వల్లాగో అనే పేరు మన వాలుగ మాటే. ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన చేపల బొమ్మలూ వివరాలూ 1803లో అచ్చయ్యాయి. ఆయన రాసుకున్న తెలుగు పేరు అక్కడి నుంచి లాటిన్‌లోకి పాకింది. అలా తెలుగు జాలరి నోటి మాట ప్రపంచమంతా వాడే శాస్త్రనామంలో కూర్చుంది. ఈ గౌరవం వాలుగకు తెలియదు, కనబడ్డ చేపనల్లా మింగడమే దాని పని.

ఆ ఆఖరి సైగ ఎంత ముఖ్యమో చెరువుల్లో తేలింది. బొచ్చె, శీలావతి లాంటి చేపలు చెరువులో ఎంత బలిసినా, కడుపునిండా జన ఉన్నా, నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. ఒకప్పుడు చేపపిల్లల కోసం వరదల్లో నదుల మీద పడాల్సి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో మత్స్య శాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి, సహచరుడు అలికున్హితో కలిసి, పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, వరద లేకుండానే చేప చేత గుడ్లు పెట్టించారు. ఇప్పుడు ఏటా జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. మన చేపల చెరువుల వ్యాపారమంతా ఆ సూది మొన మీద నిలబడిందే. అదే 1957లో విజయవాడకూ సీతానగరానికీ మధ్య ప్రకాశం బ్యారేజీ సిద్ధమైంది. ఒక పక్క నదికి తలుపులు పెట్టాం, ఇంకో పక్క నది చేసే పనిని సూదితో చేయించడం నేర్చుకున్నాం. రెండూ ఒకే ఏడు కుదరడం కాకతాళీయమే అనుకోండి, నాకెందుకో అది మరుపుకు రాదు.

గుంటూరు, ప్రకాశం మెట్ట రైతుకు ఇప్పుడు రెండు వానాకాలాలు. ఒకటి ఆకాశం ఇచ్చేది, రెండోది సాగర్ కుడి కాలువ ఇచ్చేది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలినప్పటి నుంచి ఇక్కడి జనం నోట "వానలు పడ్డాయా" అన్నదానితో పాటు "కాలువ వదిలారా" అన్న ప్రశ్న కూడా వచ్చి చేరింది. తొలకరి జూన్‌లో వస్తే, కాలువ నీళ్ళు పైన శ్రీశైలం నిండిన తర్వాత, ఎక్కువ ఏళ్ళలో ఆగస్టులో వస్తాయి.

ఈ రెండు నీళ్ళూ ఒకటి కావు. వాగు నీరు నల్లరేగడిని కడిగి తెచ్చిన నీరు, అరచెయ్యి ముంచితే వేళ్ళు కనబడవు. కాలువ నీరు జలాశయంలో వారాల తరబడి నిలబడి ఒండ్రు దించుకుని వచ్చింది, తేటగా, చల్లగా ఉంటుంది. పైగా సిమెంటు పలకలు పరిచిన పెద్ద కాలువలో పొర్లడానికి పల్లం లేదు, గడ్డి లేదు. చేప అక్కడా ప్రవాహానికి ఎదురు తిరుగుతుంది, కానీ సంసారం పెట్టుకోవడానికి చోటుండదు. మేజర్, మైనర్ పిల్లకాలువల్లో మనం పట్టే చేపలు చాలావరకు జలాశయంలోంచి తూముల గుండా కొట్టుకొచ్చినవి. వాగు చేప ఇక్కడి పంట, కాలువ చేప వలస వచ్చిన కూలీ.

కాలువ వదిలారంటే పిల్లలకు ఈతలు. మా రోజుల్లో ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని దూకేవాళ్ళం, తర్వాత లారీ ట్యూబులు వచ్చాయి. ఇక్కడే ఆ తేటనీరు మోసం చేస్తుంది. నీటిలోంచి గాలిలోకి వచ్చే కాంతి వంగుతుంది. నిట్టనిలువుగా చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగులే అనిపిస్తుంది, గట్టు మీద నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. మొలలోతు అనుకుని దిగినవాడికి గొంతు దాకా వస్తుంది. బల్లెంతో చేపను పొడిచేవాళ్ళు చేప కనబడిన చోటుకు కాస్త కింద గురిపెట్టేది కూడా ఇందుకే. జాలరికి తెలిసిన ఈ లెక్క ఈతగాడికీ తెలియాలి. రెండో లెక్క జోరుది. నీటి వేగం రెండింతలైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. సెకనుకు మీటరు పారే నీరు పదిహేను కిలోల బలంతో తోస్తుందనుకుంటే, రెండు మీటర్ల జోరుకు అది అరవై. కుడి కాలువ తల దగ్గర పూర్తి సామర్థ్యం 11,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు సుమారు 311 టన్నుల నీరు. పాకుడు పట్టిన సిమెంటు వాలు మీద కాలు నిలవదు, పట్టుకోవడానికి గడ్డిపరక ఉండదు. ఈత వచ్చినవాళ్ళు కూడా కాలువల్లో పోవడానికి కారణం ఇది. పిల్లకాలువలో ఆడుకోండి, పెద్ద కాలువను గట్టు మీద నుంచి చూడండి.

కృష్ణలో అయితే ఇసుక తవ్విన గుంతలు ఇంకో ప్రమాదం. మోకాటి లోతులో నడుస్తూ ఒక్క అడుగు తేడాతో మునిగిపోతారు. పడవ విహారం సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. 2017 నవంబరు 12న, కార్తీకమాసంలో, విజయవాడ దగ్గరి పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. అందులో చాలామంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు. పడవలో ఎక్కువమంది లేచి నిలబడితే మొత్తం బరువు కేంద్రం పైకి జరుగుతుంది. అలాంటప్పుడు అందరూ ఒకే పక్కకు జరిగితే పడవకు తిరిగి నిలదొక్కుకునే బలం ఉండదు. కూర్చోమని సరంగు అరిచేది అందుకే.

సెప్టెంబరు నుంచి గాలం వేసేవాడు పొలం వైపు కూడా ఒక కన్నేసి ఉంచాలి. పత్తి పూతా కాయా మీద ఉంటుంది, మిరప నారు అప్పుడే నాటి ఉంటారు. తైవాన్ పంపుల మోత మొదలవుతుంది. మందు కొట్టిన మర్నాడో ఆ మర్నాడో వాన పడితే చేను కడిగిన నీరు వాగుకే చేరుతుంది. సైపర్‌మెత్రిన్ తరహా మందులు పురుగు నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వవు, నరం ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది. చేప నరమూ అలాంటిదే. మన కాలేయం ఆ మందును త్వరగా విరిచేస్తుంది, చేప కాలేయానికి అంత చురుకు లేదు. పైగా మొప్పలు నీటిలో ఉన్నదాన్నల్లా పీల్చుకుంటాయి. అందుకే మనిషికి పెద్దగా హాని చేయని మోతాదు చేపను చంపేస్తుంది. ఎండోసల్ఫాన్ ఇంతకన్నా ఘోరం, దాన్ని సుప్రీంకోర్టు 2011 మే 13న ఆపింది. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు రైతు చేతికి దొరికిన మందల్లా కొట్టాడు. రైతును తప్పుపట్టి లాభం లేదు, తోట పోతే ఏడాది పోతుంది. కానీ పంపు కడిగిన నీళ్ళు కాలువలో పారబోయకుండా ఉండటానికి పైసా ఖర్చు లేదు.

సంక్రాంతి ముందు గాలానికి ఓపిక కావాలి. చేపది చల్లటి నెత్తురు, నీటి వేడి ఎంతో ఒంటి వేడి అంతే. పది డిగ్రీలు తగ్గితే ఒంట్లోని పనులన్నీ దాదాపు సగానికి పడిపోతాయి, ఆకలీ అంతే. పొగమంచులో వణుకుతూ గట్టున కూర్చోవడం కన్నా పొద్దున పది దాటాక, ఎండ పడే వైపు, నీరు కాస్త వెచ్చబడిన అంచున వెయ్యడం మేలు. గాలం తాడుకు కట్టిన జొన్న బెండు ఒక్కసారి గుటకలా మునిగి లేస్తే అది చేప రుచి చూడటం. రెండోసారి మునిగి పక్కకు జరిగితే లాగాలి.

గట్టు మీద మాట్లాడకూడదని పెద్దవాళ్ళు గదమాయించేవారు. సగమే నిజం. గాలిలోని శబ్దం నీటి ఉపరితలానికి తగిలి దాదాపు అంతా వెనక్కి పోతుంది, వెయ్యిలో ఒక వంతు మాత్రమే లోపలికి దిగుతుంది. కబుర్లు చెప్పుకోవచ్చు. కాలు మాత్రం తపతపలాడించకూడదు. అడుగు అదురు నేల గుండా నేరుగా నీటిలోకి పోతుంది. నీటిలో శబ్దం గాలిలో కన్నా నాలుగింతలు పైగా వేగంగా నడుస్తుంది. జెల్ల, బొచ్చె, శీలావతి లాంటి చేపల్లో గాలి తిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఒకటుంది. తిత్తి డోలులా అదిరితే ఆ గొలుసు దాన్ని చెవికి చేరుస్తుంది. ఇక కనబడటం సంగతి. నీటి అడుగు నుంచి చేపకు పైలోకమంతా సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో కుదించుకుని కనిపిస్తుంది, ఆ కిటికీ అవతల నీటి పైపొర అద్దమే. గట్టుకు దూరంగా వంగి కూర్చున్న మనిషి ఆ కిటికీ అంచున నలిగి గీతలా ఉంటాడు. నిలబడ్డవాడు చక్కగా కనబడతాడు.

మార్చి, ఏప్రిల్‌లలో మిరపకాయ కల్లాల్లో ఎండుతుండగా కాలువ కట్టేస్తారు. మడుగులు కుంచించుకుపోతాయి. నీరు ఎంత వేడెక్కితే అంత తక్కువ ప్రాణవాయువు పట్టుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములుంటే 30 దగ్గర ఏడున్నర. మనం పీల్చే లీటరు గాలిలో సుమారు 270 ఉంటుంది. అసలే పేద సంసారం, పైగా రాత్రంతా నాచు కూడా ఊపిరి తీస్తుంది. అందుకే తెల్లవారుజామున చేపలు మూతులు పైకెత్తి గుటకలు వేస్తుంటాయి. ఆ మడుగులో నిబ్బరంగా ఉండేవి కొరమేను, మార్పు అనే చేపలు. కొరమేనుకు మొప్పల పైన గాలి పీల్చే గది ఉంది. చిత్రమేమిటంటే దానికి గాలి తప్పనిసరి, పైకి రానివ్వకుండా వలలో బిగిస్తే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. వానాకాలంలో దాని పిల్లలు ఎర్రటి గుంపుగా తేలుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద గాలం వేసి పెద్దదాన్ని లాగడం తేలిక. అయితే కాపలా పోయిన పిల్లల్ని పరిగెలు కూడా వదలవు. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటకు సెలవు ఉంది. వాగులకు అంత కచ్చితమైన సెలవు ఎవరూ పాటించడం నేను చూడలేదు. మా పెదనాన్న మాత్రం ఊతలో జన నిండిన వాలుగ పడితే తిట్టుకుంటూ వదిలేసేవాడు.

ఎండాకాలపు మడుగు చేపకు మట్టి వాసన వేస్తుంది. దాని పేరు జియోస్మిన్. నేలలోని సూక్ష్మజీవులూ, పాచినీళ్ళలోని నీలి ఆకుపచ్చ నాచూ దాన్ని తయారు చేస్తాయి. లక్ష కోట్ల పాళ్ళ నీటిలో పది పాళ్ళు కలిసినా మన ముక్కు పట్టేస్తుంది. చేప మొప్పల గుండా వెళ్ళి కొవ్వులో దాక్కుంటుంది. పులుపు తగిలితే దాని అణువు రూపు మారి వాసన పోతుంది. చింతపండు పులుసులో ముక్క ఉడికించడం, ఉప్పూ నిమ్మరసమో మజ్జిగో పట్టించి కడగడం, ఇవన్నీ మన ఇళ్ళలో ఆడవాళ్ళు పేరు తెలియకుండానే చేస్తున్న రసాయన శాస్త్రం. మృగశిరకు తొలి చినుకు పడగానే రేగడిలోంచి లేచే కమ్మటి వాసన కూడా ఆ జియోస్మినే. దాన్ని పీల్చుకుంటూ వాకిట్లో నిలబడే మా పెదనాన్న, అదే వాసన కంచంలో తగిలితే మాత్రం, "ఇంకో రెబ్బ చింతపండు పిసికితే ఏం పోయింది?" అని పెద్దమ్మను అడిగేవాడు.