ముందు సలాం, తరువాత కెమెరా

నగరంలో పుట్టి పెరిగినవారు నగరాన్ని చూడడం తరచుగా మరచిపోతారు. చార్మినార్ పక్కగా ప్రతిదినం నడిచి వెళ్ళేవారిలో తలెత్తి ఆ మినార్ల నగిషీని చూసేవారు ఎందరుంటారు? 1591లో వెలసిన ఆ కట్టడం మన కళ్ళెదుటే ఉంటుంది. మన చూపు మాత్రం చేయవలసిన పనిమీద ఉంటుంది. ఈ మరపును పోగొట్టుకోవాలన్న తలంపుతో మేము కొన్ని కుటుంబాలవారం కలిసి, నెలకొక ఆదివారం హైదరాబాదు వీధుల్లోనూ, చుట్టుపక్కల గుట్టలమీదనూ కెమెరాలతో నడవడం ప్రారంభించాము. ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరితే ఎండ ముదరకముందే ఇల్లు చేరవచ్చు. ఖరీదైన కెమెరా అక్కరలేదు. చేతిలో మొబైల్ ఉంటే చాలు.

నడవడం తేలికే. పదిమందిని వెంటబెట్టుకుని నడిపించడం మాత్రం బాధ్యతతో కూడిన పని. ఆ బాధ్యత ఎటువంటిదో మాకు తెలియజెప్పినవి మా పొరపాట్లే.

లాడ్ బజార్ నేర్పిన పాఠం

మా రెండవ నడక చార్మినార్‌కు పడమటి దిక్కున ఉన్న లాడ్ బజార్‌లో సాగింది. గాజుల దుకాణాల వెనుక, ఇరుకు సందుల్లో లక్క గాజులు చేసే చిన్న చిన్న కార్ఖానాలు ఉంటాయి. వేడికి మెత్తబడిన లక్కను సాగదీసి, గుండ్రంగా వంచి, అది చల్లారకముందే ఒక్కొక్క రాయిని దానిపై అద్దుతారు. చేయి కాస్త ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది.

అటువంటి పనిలో నిమగ్నమై ఉన్న ఒక వృద్ధుని గుమ్మం ముందు మేము పదిహేనుమందిమి ఒక్కసారిగా గుమిగూడాము. ఆయనను అనుమతి అడగాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. పైగా, ఆయన పనికి ఆధారమైన వెలుతురుకే అడ్డంగా నిలబడ్డాము. కొంతసేపు ఓర్చుకుని ఆయన తలెత్తాడు. “ఎందరో వస్తారు బాబూ, ఫోటోలు తీసుకుని వెళ్తారు. ఇన్నేళ్ళలో నా ఫోటో ఒక్కటైనా నా చేతికి రాలేదు” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆయన చేతిలోని గాజుకు రాళ్ళు సగమే పడ్డాయి. లక్క అప్పటికే గట్టిపడిపోయింది. దానిని మళ్ళీ నిప్పుసెగకు పెట్టుకున్నాడు. మేము తలలు వంచుకుని వెనుదిరిగాము.

ఆ రోజునుండి మా నడకలకు ఒక నియమం ఏర్పడింది. ముందు సలాం, లేదా నమస్కారం. తరువాత రెండు మాటలు. ఆ తరువాత అనుమతి. కెమెరా పైకి లేచేది చిట్టచివరకు. వద్దన్నవారిని రెండవసారి అడగము. పిల్లల ఫోటోకు తల్లిదండ్రుల సమ్మతి తీసుకుంటాము. మక్కా మసీదు వంటి చోట్ల నమాజులో ఉన్నవారి వైపు కెమెరా తిప్పము. తీసిన ఫోటోను కాగితంమీద అచ్చువేయించి, మరుసటి నెలలో వారికి అందజేయడం మా బాధ్యతగా భావిస్తాము.

ఈ మర్యాద హైదరాబాదుకు కొత్తది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ 1892లో ఇక్కడ జనానా స్టూడియోను నెలకొల్పాడు. పరదా పాటించే స్త్రీల చిత్రాలను స్త్రీలే తీసే ఏర్పాటు అది. కెమెరా ఇంకా అపురూపమైన వస్తువుగా ఉన్న ఆ కాలంలోనే, దాని ఎదుట కూర్చునేవారి మర్యాద గురించి ఆలోచించిన నగరం ఇది. ప్రతి జేబులోనూ కెమెరా ఉన్న నేడు ఆ ఆలోచన మరింత అవసరం. మా బృందంలోనూ స్త్రీల చిత్రం తీయవలసివస్తే అనుమతి అడిగేదీ, తీసేదీ సోదరీమణులే.

ముందుచూపుతో ఏర్పాట్లు

నడకకు వారం ముందు మాలో ఇద్దరు అదే దారిలో, అదే వేళకు నడిచి వస్తారు. వెలుతురు ఏ గోడమీద పడుతున్నదో చూసుకోవడంతో పాటు, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, స్త్రీలకూ వృద్ధులకూ మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నది, వీధికుక్కల బెడద ఏ మలుపులో ఉన్నది, ఇవన్నీ రాసుకుంటారు. మరుగుదొడ్డి సంగతి ముందుగా చెప్పకపోవడం వల్లనే తొలి నడకలకు తల్లులు రాలేదని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక బృందంలో ఇరవైమందికి మించనివ్వము. దారి తెలిసినవారు ఒకరు ముందు, ఎవరినీ వెనుకబడనివ్వనివారు ఒకరు చివర నడుస్తారు. నడక వేగాన్ని నిర్ణయించేది అందరికంటే నెమ్మదిగా నడిచేవారు. మూడు కిలోమీటర్ల దారికి రెండు గంటలు కేటాయిస్తాము. గోల్కొండలో బాలాహిసార్ పైకి సుమారు 360 మెట్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలతో వెళ్ళినప్పుడు పైకి ఎక్కాలని పట్టుబట్టము. కింద ద్వారం వద్ద పిల్లలు చప్పట్లు కొట్టి, పైకి వెళ్ళినవారికి వినిపించిందా అని ఫోన్‌లో అడుగుతుంటే పెద్దలకూ కాలక్షేపమే. లేదా సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల తోటలో చెట్ల నీడన నడుస్తాము. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి అవసరమన్న సంగతి కొత్తవారికి చెబుతాము.

గుట్టలమీద

నగరం చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. నేల లోపల రాతి పగుళ్ళ వెంట నీరు చేరి అంచులను అరగదీయగా, పై మట్టి కొట్టుకుపోయిన తరువాత బయటపడినవే ఈ గుండ్రని బండలు. ఒకదానిపై ఒకటి ఎవరో పేర్చినట్లు కనిపిస్తాయి. వీటిని కాపాడడానికి 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ చాలాకాలంగా రాళ్ళ నడకలు నిర్వహిస్తూ వస్తున్నది.

ఒకసారి మేము గుట్టమీదకు ఆలస్యంగా వెళ్ళాము. పదిగంటలకే బండలు కాలసాగాయి. మాతో వచ్చిన ఒక పెద్దమ్మకు కళ్ళు తిరిగాయి. నీడకు చేర్చి, నీళ్ళు తాగించి, నలుగురం పట్టుకుని నెమ్మదిగా దించాము. నాటినుండి అక్టోబరు మొదలు ఫిబ్రవరి వరకే గుట్టలెక్కుతున్నాము, తొమ్మిదింటికల్లా దిగిపోతున్నాము. మనిషికి రెండు నీళ్ళ సీసాలు, జారని బూట్లు తప్పనిసరి. బండల సందుల్లో చేతులు పెట్టకూడదు. తెచ్చుకున్న చెత్త తిరిగి ఇంటికే రావాలి.

నగరపు పడమటి అంచున ఒక గుట్టమీద మూడు బండల దొంతర ముందు పిల్లలందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీశాము. మరుసటి ఏడాది వెళ్ళేసరికి ఆ దొంతర లేదు. చుట్టూ రేకుల ప్రహరీ, లోపల రాళ్ళు పగలగొట్టే యంత్రాల శబ్దం. ఒక బాలుడు ఫోన్‌లోని పాత ఫోటోను ఎత్తిపట్టి, ఆ చోటును వెదుక్కుంటూ నిలబడ్డాడు. అతనికి ఏమి చెప్పాలో మాకు తోచలేదు. అప్పటినుండి ప్రతి ఫోటో వెనుక స్థలమూ, తేదీ రాసి భద్రపరుస్తున్నాము. ఈ పని ఏ బస్తీలోనైనా, ఏ నాలుగు కుటుంబాలైనా చేయగలవు.

లాడ్ బజార్ వృద్ధుని వద్దకు మరునెలలోనే వెళ్ళాము. ఆనాడు అడగకుండా తీసిన ఫోటోలలో బాగా వచ్చినది ఆయన చేతుల చిత్రం. దానిని ఆయన చేతిలో పెట్టి క్షమాపణ కోరాము. ఆయన చాలాసేపు చూసి, “చేతులు బాగున్నాయి, నా ముఖం ఏది?” అని నవ్వాడు. చేతులు కడుక్కుని, టోపీ సరిచేసుకుని, వెలుతురు వైపు తిరిగి కూర్చున్నాడు. రెండు ప్రతులు కావాలన్నాడు. ఒకటి తనకు, ఒకటి అత్తవారింట ఉన్న కూతురికి. ఆ పై నెలలో రెండూ ఇచ్చివచ్చాము.