జాతరకు పిల్లల తలపాగాలు



జనవరి నెల వచ్చిందంటే మన ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర సందడి మొదలవుతుంది. తేరు, పశువుల సంత, బొరుగులూ మిఠాయిల అంగళ్ళు, గాజుల మలారాలు - ఊరంతా ఒక రంగుగా ఉంటుంది. ఆ దినాలలో బడిలో కూడా పిల్లల చేత ఏదో ఒక వేడుక చేయించాలని పంతులమ్మలకు ఉంటుంది. పాటలు, వేషాలు, ముగ్గులు ఎప్పుడూ ఉండేవే. వాటితో పాటు పిల్లలు తమ చేతులతో టోపీలు తయారు చేసి, అలంకరించి, పెట్టుకొని వరుసగా నడిచే వేడుక ఒకటి పెట్టుకోవచ్చును. ఈరోజు ఆ సంగతి మాట్లాడుకొందాము.

ఇది ప్రపంచంలో కొత్త పనేమీ కాదు. ఇంగ్లండు, అమెరికా దేశాలలో ఈస్టరు పండుగకు చిన్నపిల్లలు టోపీలకు కాగితపు పూలు, కోడిపిల్లల బొమ్మలు, రంగులు వేసిన గుడ్లు అంటించుకొని బడిలో ఊరేగుతారు. వాళ్ళకు అది చలి పోయి చెట్లు చిగిర్చే కాలం. అందుకే పూలు, గుడ్లు, పిల్లలు. అంటే ఆ టోపీ చూస్తే అక్కడి ఋతువు తెలుస్తుందన్న మాట. మరి మన పిల్లలకు టోపీ అనగానే ఏది గుర్తొస్తుంది? అంగట్లో దొరికే, పుట్టినరోజుకు పెట్టే మెరుపుకాగితపు టోపీ. అందులో తప్పు లేదు గాని, అది చూస్తే ఏ ఊరూ తెలియదు. జాతరకు చేసే టోపీ జాతర జరిగే ఊరి సంగతి చెప్పాలి కదా!

మరి మన ప్రాంతంలో తలమీద పెట్టుకొన్నవి ఏవి? ముఖ్యంగా రెండు. ఒకటి కుళ్ళాయి, రెండవది రుమాలు.

కుళ్ళాయి అంటే పొడుగ్గా, పైకి పోనుపోను సన్నబడే గుడ్డ టోపీ. తుంగభద్రకు ఎగువన హంపీలో విజయనగర రాజులు ఉన్న కాలంలో కొలువుకు పోయే పెద్దలు దీనిని పెట్టుకొనేవారు. మన ఆదోని కోట కూడా ఆ రాజ్యంలోదే. తిరుమలలో దేవేరులతో పాటు చేతులు జోడించి నిలబడిన శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహాన్ని మీలో చాలామంది చూచే ఉంటారు. ఆయన తలమీద ఉన్నది కిరీటం కాదు, కుళ్ళాయి. లేపాక్షి గుడి పైకప్పు మీది బొమ్మలలో కూడా ఈ పొడుగు టోపీలు కనిపిస్తాయి. 1520 ప్రాంతాన విజయనగరం చూచిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు రాయలవారి జరీటోపీని గురించి ప్రత్యేకంగా వ్రాసుకొన్నాడు. కర్ణాట రాజు కొలువుకు పోవడానికి కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని శ్రీనాథ కవి విసుక్కొన్నట్లు ఒక చాటువు కూడా ప్రచారంలో ఉంది.

ఇంతకూ 'కుళ్ళాయి' అన్న మాట ఎక్కడిది? పారసీ భాషలో టోపీని 'కులాహ్' అంటారు. దాని నుంచి వచ్చింది. ఆ టోపీ కూడా సుల్తానుల కొలువుల నుంచే విజయనగరానికి వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. ఒకవంక వాళ్ళతో యుద్ధాలు చేస్తూనే, మరొకవంక వాళ్ళ కొలువు మర్యాదను, దుస్తులను మనవాళ్ళు తీసుకొన్నారు. 'రుమాలు' కూడా పారసీ మాటే. 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. ముఖం తుడుచుకొనే గుడ్డ మన రాయలసీమకు వచ్చేసరికి తలకు చుట్టుకొనే పాగా అయింది. మన సేద్యగాండ్ల తలమీద దాని ఉపయోగాలు ఇన్నీ అన్నీ కావు. ఎండకు గొడుగు, మూట మోస్తే చుట్టకుదురు, నీళ్ళు తోడేటప్పుడు తువ్వాలు, చెట్టుకింద పడుకొంటే తలగడ. కొన్ని కులాలలో తండ్రి పోయినప్పుడు పెద్దకొడుకు తలకు పాగా చుట్టి ఇంటి బాధ్యత అప్పగిస్తారు. ఒక గుడ్డముక్కకు ఇంత బరువు ఉన్నదన్న మాట.

ఇక ఎమ్మిగనూరు విషయానికి వస్తే, ఇది నేతగాళ్ళ ఊరు. 1938లో మాచాని సోమప్పగారు ఇక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. ఇక్కడి దుప్పట్లు, తువ్వాళ్ళు చాలా దూరం వెళ్ళి పేరు తెచ్చాయి. పద్మ పురస్కారాలు మొదలుపెట్టిన సంవత్సరమే, అంటే 1954లోనే, సోమప్పగారికి పద్మశ్రీ వచ్చింది. ఈనాడు మగ్గాల చప్పుడు మునుపటంత లేదు. మరమగ్గం బట్ట చవకగా వస్తుంటే చేతిమగ్గం తట్టుకోవడం కష్టమైంది. నేతగాళ్ళ పిల్లలు చాలామంది వేరే పనులకు పోతున్నారు. పోవద్దని మనం అనలేము. కాని తాత చేసిన పని ఏమిటో, పడుగు అంటే ఏదో, పేక అంటే ఏదో తెలియకుండా పోవడం మాత్రం నష్టమే. టోపీల వేడుక ఇందుకు పనికివస్తుంది.

చేసే విధానం

ముందుగా కుళ్ళాయి. పిల్లవాని తల చుట్టూ, నుదుటి మీదుగా, చెవులకు పైగా ఒక దారం పట్టండి. దారం కింద ఒక వేలు దూరేంత వదులు ఉంచండి. ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. బడిపిల్లలకు మామూలుగా 50 నుంచి 54 సెంటీమీటర్ల దాకా వస్తుంది. 52 వచ్చిందనుకొందాము. దానిని 7తో గుణించి 11తో భాగించండి. 33 వస్తుంది. ఒక మేకు లేదా పెన్సిలుకు 33 సెంటీమీటర్ల దారం కట్టి, పాత క్యాలెండరు అట్ట మూల నుంచి పావు వృత్తం గీయండి. ఒక పక్క జిగురు కోసం రెండు సెంటీమీటర్లు ఎక్కువ వదిలి కత్తిరించండి. తిన్నని అంచులు రెండూ కలిపి అంటిస్తే కుళ్ళాయి తయారు. ఏడును పదకొండుతో ఎందుకు భాగించామో పై తరగతి పిల్లలను అడగండి. వాళ్ళు లెక్కల పుస్తకంలో చదివిన 22/7 ఇక్కడ పనికి వచ్చిందని తెలిస్తే ఎంత సంతోషిస్తారో! పొట్టి టోపీ కావాలంటే 16న్నర సెంటీమీటర్లతో అర వృత్తం గీస్తే సరి. మూతి కొలత మారదు, ఎత్తు మాత్రం తగ్గుతుంది.

జిగురుకు మైదాపిండి చాలు. రెండు చెంచాల పిండిని ముందు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఒక గ్లాసు నీళ్ళు పోసి, సన్నని సెగమీద గంజిలా అయ్యేదాకా కలియబెట్టండి. జిగురుకు పురుగు పట్టకుండా కొందరు మైలతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు చేసే పనిలో వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోండి. అట్ట మీద రెండు పొరలు పాత దినపత్రిక అంటించి ఆరనిస్తే గట్టిపడుతుంది. ఆపైన గుడ్డ అంటించవచ్చును.

రుమాలుకు కొనవలసింది ఏమీ లేదు. పాత నూలు చీర ఒకటి తీయండి. అయిదున్నర మీటర్ల పొడవు, ఇంచుమించు 115 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దానిని పొడవునా మూడు పట్టీలు చేసి, ఒక్కొక్క పట్టీని సగానికి కోస్తే ఆరు రుమాళ్ళు అవుతాయి. ఒక్కొక్కటి రెండు ముప్పావు మీటర్లు. చిన్నపిల్లల తలకు నాలుగైదు చుట్లు వస్తుంది. రంగు దిగే గుడ్డ అయితే ముందే ఉతికి చూడండి. చెమటకు రంగు కారి కళ్ళలో పడగూడదు.

చుట్టేటప్పుడు పట్టీని నాలుగు మడతలు వేసి, ఒక జానెడు కొస వీపు మీదికి వదలండి. నుదుటి మీద మొదటి చుట్టు కొంచెం ఎడమకు వాలాలి, రెండవది కుడికి. అప్పుడు నుదుటి నడుమ అవి ఒకదాని మీద ఒకటి దాటి కుదురుగా నిలుస్తాయి. చివరి కొసను లోపలికి దోపాలి. గుండుసూదులు వద్దు. బాగా చుట్టిన రుమాలు సూది లేకుండానే నిలుస్తుంది. ఈ విద్య పుస్తకం చూచి వచ్చేది కాదు. ఇంట్లో తాతనో, చిన్నాయననో ఒకరోజు బడికి పిలవండి. "రా తాతా, మా పిల్లోళ్ళకు రుమాలు చుట్టేది నేర్పిద్దువు" అంటే కాదనే తాత ఉండడు. ఆడపిల్లలకు కూడా చుట్టండి. జడ వెనుక వేలాడుతుంటే రుమాలుకు వచ్చిన లోటేమీ లేదు.

అలంకారానికి చెమ్కీలు, ప్లాస్టిక్ పూలు వెతకవద్దు. మగ్గం ఉన్న ఇంట బట్ట కోసిన తర్వాత మిగిలే పోగుల కొసలు, పక్కన పడేసే చిక్కునూలు అడగండి. రంగురంగుల కుచ్చులు ఎంత బాగా వస్తాయో! పత్తికి పేరుపడ్డ సీమ మనది. విచ్చిన పత్తికాయ ఒకటి రుమాలు మీద తెల్లగా మెరుస్తుంది. ఒక జొన్నకంకి, ఒక మారేడు దళం, రెండు బంతిపూలు. అట్టముక్కతో నాడె ఆకారం, తేరు ఆకారం కత్తిరించవచ్చును. సంతకు వచ్చే ఎద్దుల నొసటి పట్టెలు, కొమ్ముల కుచ్చులు, మువ్వలు ఒకసారి పిల్లలకు చూపించండి. మనుషుల అలంకారం కంటే ఎద్దుల అలంకారంలోనే మనవాళ్ళు ఎక్కువ ఓపిక చూపారని వాళ్ళకే తెలుస్తుంది. దూది, కాగితం త్వరగా అంటుకొంటాయి కనుక హారతి దగ్గరికి, దీపాల దగ్గరికి ఈ టోపీలతో పంపవద్దు. గడ్డం కింద తాడుతో బిగించి కట్టవద్దు. గుంపులో ఎవరైనా లాగితే ప్రమాదం.

అందరి తలా ఒకటే

ఇప్పుడు అసలు మాట చెబుతాను. తలగుడ్డకు పాతకాలంలో ఒక చెడ్డ లెక్క ఉండేది. ఎవరి తలమీద పాగా ఉండవచ్చు, ఎవరి తలమీద ఉండగూడదు అన్న లెక్క. పెద్దకులాల వారు ఎదురైతే పాగా తీసి చంకలో పెట్టుకొని, చెప్పులు చేత పట్టుకొని పక్కకు తొలగిన మనుషులు మన పల్లెలలో ఉన్నారు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేడవ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం ఒక్కరోజులో వచ్చింది గాని మనసులలోకి రావడానికి ఇంకా చాలాకాలం పడుతున్నది. ఆ తాతల మనుమలు, మనుమరాండ్రు ఈరోజు అదే బడిలో అదే బల్లమీద కూర్చొంటున్నారు. వాళ్ళందరి తలకూ ఒకే రకం రుమాలు చుట్టి ఊరి నడివీధిన నడిపించడం చిన్న పని కాదమ్మా. పిల్లలకు ఆ సంగతి పాఠంగా చెప్పనక్కరలేదు, చేయించితే చాలు.

అందుకని పంతులమ్మలకు నా మనవి ఒకటి. "రేపు టోపీ తీసుకొని రండి" అని ఇంటికి పంపవద్దు. అట్లా పంపితే డబ్బున్న ఇంటి నుంచి జరీటోపీ వస్తుంది, కూలికి పోయే తల్లి బిడ్డ ఆరోజు బడికే రాదు. వచ్చినా వట్టి తలతో వెనుక నిలబడుతుంది. సామాను అంతా బడిలో ఒక కుప్పగా పోయండి. పాత చీరలు, అట్టలు, నూలు, పూలు, అందులో నుంచే అందరూ చేసుకోవాలి. మొదటి బహుమతి, రెండవ బహుమతి అని పెట్టకుండా, తాను చేసింది ఏమిటో, ఎవరు నేర్పారో నాలుగు మాటలు చెప్పమని ప్రతి పిల్లనూ అడగండి. "ఈ కుచ్చు మా నాయన మగ్గం మీది నూలు" అని ఒక పిల్ల నలుగురిలో తలెత్తి చెప్పగలిగితే అదే పెద్ద బహుమతి. ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళలో ముస్లిం పిల్లలు కూడా చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో అల్లిన జాలీటోపీ ఉంటే దానిని కూడా వరుసలో రానివ్వండి. కుళ్ళాయి పుట్టుక తెలిసినవాళ్ళకు ఆ రెండూ దూరపు చుట్టాలేనని వేరే చెప్పాలా?

మీరు తల్లులైతే, పిల్ల వచ్చి "అమ్మా, పాత చీర ఇయ్యవా" అని అడిగితే దేనికని కసురుకోకండి. పక్కన కూర్చోబెట్టుకొని, ఆ చీర ఎక్కడ కొన్నారో, ఏ మగ్గానిదో చెప్పి మరీ ఇవ్వండి. అవ్వ చీర అయితే ఇంకా మంచిది.

వేడుక అయ్యాక రుమాళ్ళు ఉతికి ఆరేసి బడి బీరువాలో దాచండి. పై సంవత్సరం ఇంకొక తరగతికి పనికివస్తాయి. చిరిగినవి నల్లబల్ల తుడవడానికి ఉంచుకోండి. రుమాలు అంటే తుడిచే గుడ్డే కదా!