కెర్నెల్ మాడ్యూల్ మొండికేస్తే

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ రాసినప్పుడు అందులో మాడ్యూళ్లు లేవు. తన 386 కంప్యూటర్‌కు కావలసిన డ్రైవర్లన్నీ కెర్నెల్‌లోనే కలిపేశాడు. కొత్త కార్డు కొంటే కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. ఇలా అంతా ఒకే ముద్దగా ఉండడం పాతకాలపు పద్ధతని 1992లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ విమర్శించాడు. లినస్ ఒప్పుకోలేదు. కానీ 1995లో 1.2 వెర్షన్ వచ్చేనాటికి, నడుస్తున్న కెర్నెల్‌కే డ్రైవర్లను తగిలించి తీసేసే వీలు ఏర్పడింది. ఆ తగిలించే ముక్కే మాడ్యూల్.

తంటా కూడా దానితోపాటే వచ్చింది. లోపలికి వెళ్లిన మాడ్యూల్‌కు కెర్నెల్‌తో సమానమైన అధికారాలు ఉంటాయి. అది ఒక్క లెక్క తప్పినా మెషిన్ మొత్తం ఆగిపోవచ్చు. అందుకే ఏ కెర్నెల్ కోసం, ఏ ఆప్షన్లతో తయారైందో ప్రతి మాడ్యూల్‌లో రాసి ఉంటుంది. అది సరిపోలకపోతే ‘ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అని తిప్పి పంపేస్తుంది కెర్నెల్. బలవంతంగా ఎక్కించే ఆప్షన్, మాడ్యూళ్లను లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కమాండ్‌లో ఉంది. దాని జోలికి పోకండి.

ఇన్‌స్టలేషన్‌లో ఈ పట్టింపు బాగా కనిపించేది డెబియన్ అనే లినక్స్ పంపిణీ నెట్‌బూట్‌లో. పెన్‌డ్రైవ్‌లో కెర్నెల్ ఉంటుంది, మిగతా మాడ్యూళ్లు నెట్ నుంచి దిగుతాయి. ఈలోగా సర్వర్‌లో కొత్త కెర్నెల్ పెట్టి పాత మాడ్యూళ్లను తీసేశారనుకోండి, ‘నో కెర్నెల్ మాడ్యూల్స్ వర్ ఫౌండ్’ అని తెర మీద పడుతుంది. మాడ్యూళ్లు లేకుండానే కొనసాగించమంటారా అని కూడా అడుగుతుంది. సరేనంటే కాసేపటికి డిస్కే లేదంటుంది. చాలామంది మిర్రర్ మారుస్తారు, పెన్‌డ్రైవ్‌ను అనుమానిస్తారు, అదే పాత ఇమేజ్‌ను మళ్లీ రాస్తారు. కావలసింది తాజా నెట్‌బూట్ ఇమేజ్, అంతే.

ఇన్‌స్టలేషన్ పూర్తయ్యాక ఇంకో చిక్కు. డిస్కు చదవాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవరేమో డిస్కులో ఉంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. అందుకే బూట్ అయ్యేటప్పుడు మెమరీలోకి ఎక్కే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో అవసరమైన మాడ్యూళ్లను ముందే సర్దిపెడతారు. అందులో మీ డిస్కు కంట్రోలర్ మాడ్యూల్ లేకపోతే బూట్ సగంలో ఆగి నల్లటి షెల్ మిగులుతుంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌లోకి క్రూట్ (chroot) కమాండ్‌తో వెళ్లి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేస్తే సరిపోతుంది.

2012లో విండోస్ 8తో, నమ్మకమైన సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ విస్తరించాక డిజిటల్ సంతకం గొడవ మొదలైంది. మన కంప్యూటర్‌లోనే కంపైలైన ఎన్‌విడియా, వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్ల మీద కెర్నెల్ నమ్మే సంతకం లేకపోతే ‘రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్’ లాంటి సందేశంతో తిప్పి పంపుతుంది. సెక్యూర్ బూట్ ఆపేస్తే పనవుతుంది. కానీ మన కీ నమోదు చేసుకుని, ఆ కీతో మాడ్యూల్‌పై సంతకం చేయడమే సరైన దారి. అదేమంత పెద్ద పని కాదు.

వైఫైది వేరే కథ. మాడ్యూల్ చక్కగా లోడవుతుంది, కార్డు మాత్రం పలకదు. లేనిది కార్డులోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఇలాంటి ఫైళ్లను డెబియన్ ఏళ్ల తరబడి అధికారిక ఇన్‌స్టాలర్ బయటే ఉంచింది. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతిని మార్చడంతో, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ కూడా లోపలే ఉంటోంది. నా దృష్టిలో అది ఆలస్యంగా వచ్చిన మంచి నిర్ణయం.

డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో మాట్లాడుతుంది గానీ కెర్నెల్ మాట్లాడేది ఇంగ్లీషులోనే. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు ‘లోడవడం లేదు’ అని ఊరుకోకుండా, డీమెసేజ్ (dmesg) కమాండ్ చివరి వరుసలు, యూనేమ్ (uname) చెప్పే కెర్నెల్ వెర్షన్, ఎల్ఎస్‌పీసీఐ (lspci) చూపించే పరికరం పేరు కలిపి పంపండి.