పాడైన టెలివిజనులో పనికివచ్చు దీపములు

టెలివిజను పాడైనచో, మరమ్మతు ఖర్చుకు జంకి దానిని పాత సామానులవానికి వేయుట మన గ్రామములందు పరిపాటి. తెర పగిలినను అందులోని దీపములు చాలవరకు బాగుగనే యుండును. ఈ విషయము పంచాయతి సభ్యులకు ఉపయోగపడునని తలచి వివరించుచున్నాము.

ఎల్.ఇ.డి. టెలివిజనులో బొమ్మను చూపు తెరకు స్వయముగా వెలుగు లేదు. దాని వెనుకనో, అంచుననో సన్నని పట్టీలపై అమర్చిన చిన్న దీపములే వెలుగు నిచ్చును. అవి దండలోని పూసలవలె ఒకదాని వెంట నొకటి కలుపబడియుండుటచే, ఒక్కటి మాడినను వరుస ఆరిపోవును. మాటలు వినబడును గాని బొమ్మ కానరాదు. అట్టి సందర్భమున పట్టీని మార్పించి టెలివిజనునే బాగుచేయించుకొనుట ఉత్తమము. తెర పగిలినప్పుడు మాత్రమే పట్టీలను వేరు పనికి తీయవలెను.

తీయుట మెకానిక్కు పని; ఉత్సాహవంతులైన బాలురది కాదు. ప్లగ్గు తీసిన తరువాతను లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. ఆ బోర్డుతోనే పట్టీలను వెలిగింప జూచుట ప్రాణాపాయము. మరికొంత పాత రకపు పలుచని టెలివిజనులలో ఎల్.ఇ.డి.లకు బదులు సన్నని గాజు గొట్టములుండును. వానిలో పాదరసము గలదు, వానిని పగులగొట్టరాదు.

సౌరఫలకముతో నడచు 12 వోల్టుల బ్యాటరీయే ఈ దీపములకు తగినది. దీపములు 3 వోల్టులవియు, 6 వోల్టులవియు గలవు గనుక ముందు పరీక్షింపవలెను. 3 వోల్టులవైనచో మూడేసి చొప్పున వరుసగా కలిపి, ప్రతి వరుసకు 33 ఓముల, 2 వాట్ల రెసిస్టరు నొకదానిని చేర్చవలెను. బ్యాటరీ వద్ద ఫ్యూజు తప్పనిసరి. నాలుగు వరుసలకు కలిపి ఇంచుమించు 6 వాట్లే ఖర్చగును. టెలివిజనులో వెలిగినంత తీవ్రముగా వెలిగింపకుండుట మంచిది. ఈ దీపములకు వేడియే శత్రువు. పట్టీలను అల్యూమినియము రేకుపై బిగించి, తెర వెనుకనుండు పాలవన్నె పలకను ముందుంచినచో కాంతి కండ్లకు గ్రుచ్చుకొనదు. కాంతి కొంచెము నీలివన్నెగా నుండును. వరండాకు, మోటారు గదికి, కరెంటు పోయినప్పుడు గ్రంథాలయపు బల్లకు ఇది చాలును. వీధి స్తంభములకు మాత్రము కూడదు. వానకు తడిసినచో పట్టీ నిలువదు.

మిగిలిన బోర్డులు, తీగల సంగతి యేమి? రాగి కొరకు తీగలను కాల్చువారు కలరు. ఆ విషపు పొగ ముందుగా చేరునది వారి పిల్లల ఊపిరితిత్తులకే. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము ఇవి నమోదైన రీసైక్లింగు సంస్థకు చేరవలెను. పంచాయతి కార్యాలయమున తాళముగల గది నొకదానిని ఇందుకు కేటాయించి, ఎవరి యింటినుండి ఏ వస్తువు ఎన్నడు వచ్చినదియు, ఎవరికి అప్పగింపబడినదియు పుస్తకమున వ్రాయించుచుండవలెను.